నున్నన్న ఇరవై సెకన్లు

నున్నన్న తన బట్టతలను ఏనాడూ టోపీతో కప్పలేదు. దాపరికం లేని మనిషినని అందరితో చెప్పుకునేవాడు. రోజూ సెలూన్ తెరిచే ముందు దానికి రెండు చుక్కల నూనె రాసి, మెత్తటి గుడ్డతో మెరుగుపెడతాడని మాత్రం చెప్పేవాడు కాదు.

"ఊరందరి జుట్టూ నీ చేతిలో, నీ నెత్తిన మాత్రం వెన్నెల," అనేవాడు రోజూ గడ్డానికొచ్చే బస్సు కండక్టరు.

"వైద్యుడికి జ్వరం రాకూడదని రూలుందా?" అనేవాడు నున్నన్న.

ఆ సెలూన్‌లో నేల మీద పడ్డ జుట్టుకు ఒక అలవాటు. జుట్టు గురించి ఎవరు అబద్ధమాడినా పిల్లి వీపులా నిక్కబొడుచుకునేది. 'నావి మూడే తెల్లవెంట్రుకలు' అంటే బొటనవేలెత్తు. వారంలో జుట్టు మొలిపించే నూనె గురించి ఫోన్లో వీడియో పెడితే చీలమండ దాకా. కూర్చున్నవాళ్లు కాళ్లు పైకెత్తుకుని పేపరు చదువుకునేవాళ్లు.

అలాంటి వీడియోలు చూసీ చూసీ, ముప్పై ఏళ్ల అనుభవమున్న తనేం తక్కువ తిన్నానని నున్నన్న కూడా ఒకటి తీశాడు. ఇంట్లో తీశాడు, అక్కడైతే నేల శుభ్రంగా ఉంటుందని.

"మూడుసార్లు గుండు గీయించండి. కుదుళ్లు మేలుకుంటాయి. డాక్టర్ల చుట్టూ తిరగక్కర్లేదు."

రెండు లక్షల మంది చూశారు. దారినపోయేవాళ్లు ఆగి నమస్కారం పెట్టారు. నూనె మూడు చుక్కలైంది.

ఒక మధ్యాహ్నం కండక్టరు గడ్డం సగంలో ఉండగా, బడిలో డ్రాయింగు టీచరుగా ఉన్న నున్నన్న కూతురు వచ్చి పక్క కుర్చీలో కూర్చుని జడ విప్పింది. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. చర్మం గాజులా మెరుస్తోంది.

"గుండు గీసెయ్ నాన్నా."

"ఇదెప్పట్నుంచే? డాక్టరుకి చూపించావా?"

"చూపించా. మంటగా ఉంటోందంటే పరీక్ష రాసిచ్చింది. ఆలస్యం చేస్తే కుదుళ్లు మూసుకుపోతాయట, ఇక రాదట. నువ్వేమో అవన్నీ అక్కర్లేదన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

కూతురు ఫోను నొక్కింది. నున్నన్న గొంతు గంభీరంగా మొదలైంది. నేల మీది జుట్టు చీలమండ దాటి, పిక్కలు దాటి, మోకాళ్ల దాకా లేచింది. కండక్టరు నురగ మొహంతోనే కుర్చీలో బాసింపట్టు వేసుకున్నాడు.

"ఫ్యాను గాలి," అన్నాడు నున్నన్న.

"కరెంటు పోయి గంటైంది కదన్నా."

చేతిలో కత్తి ఉంది. ఎదురుగా కూతురి తల ఉంది, తండ్రి మాట మీద నమ్మకంతో వంచిన తల. నున్నన్న కత్తి మడిచాడు.

"లే తల్లీ. ఆ చీటీ తియ్. పద ఆస్పత్రికి."

"మరి వీడియోలో చెప్పింది?"

"అది నా నోటిదురద."

జుట్టు మెల్లగా నేలకి ఒదిగింది.

"మరి నా సగం గడ్డం?" అన్నాడు కండక్టరు.

"వచ్చి గీస్తా. అదెక్కడికీ పోదు."

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ మందులు రాసింది. ఇంకో రెండు నెలలు ఆగుంటే నెత్తంతా పాకేదని చెప్పింది. పోయినంత మేర పోయింది, మిగతాది నిలిచింది. కూతురు పాపిడి పక్కకి తీసి బడికి వెళ్లింది.

నున్నన్న పాత వీడియో తీసేశాడు. కొత్తది సెలూన్‌లోనే, జుట్టు మధ్య నిలబడి తీశాడు. నేల మీది జుట్టు లేచిన ప్రతి మాటా కోసేస్తూ పోతే చివరికి ఇరవై సెకన్లు మిగిలింది.

"గుండు గీస్తే ఒత్తుగా రాదు. ముందు నేను చెప్పింది తప్పు. జుట్టెందుకు రాలుతుందో నాకు తెలీదు. నెత్తి మంటగా ఉన్నా, జుట్టు బిళ్లలుగా ఊడినా తొందరగా చర్మం డాక్టరుకి చూపించండి."

నలభై ఒక్క మంది చూశారు. దాని కింద ఒకరు రాశారు: 'ఈయన మా నాన్న.'

ఆ మూడు మాటలూ ఆయన గడ్డానికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు, అక్షరాలు పెద్దవి చేసి మరీ. జుట్టెందుకు రాలుతుందని ఎవరైనా అడిగితే 'తెలీదు' అనే చెబుతాడు. గొంతు సవరించుకోకుండా ఆ మాట అనడం మాత్రం ఇంకా రాలేదు.