నేస్తం ఇచ్చిన ఎర్ర జెర్సీ

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మార్చురీ గది బయట బల్ల వేసుకుని కూర్చున్న కానిస్టేబులు, "చనిపోయినతని పేరు?" అని అడిగాడు.

మా తమ్ముడు ఉపేంద్ర నోరు విప్పలేదు.

"నిన్నేనయ్యా. స్నేహితుణ్ణంటున్నావు, పేరు తెలీదా?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ముందుకు జరిగి, "పృథ్వీరాజ్. ఊరు కళింగపట్నం" అని చెప్పాను. కానిస్టేబులు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి రాసుకున్నాడు. ఆయనది ఈ ప్రాంతం కాదేమో. మా వైపు దేవుడి ఎదుట నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు నోట పలకరు. నేస్తం అనే అంటారు. ఒకరి తల్లి ఇంకొకరికీ తల్లే. ఒకరింట్లో చావు వస్తే రెండో ఇంట్లోనూ మైల పడతారు. మాటామాటా అనుకుని తగువు పడకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం.

తమ్ముడికీ పృథ్వీరాజ్‌కీ నేస్తం కట్టించింది కూడా ఒక తగువే.

ఇద్దరూ ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గది. మాది నౌపడలో కిరాణా దుకాణం, వాళ్ళది వ్యవసాయం. ఇంగ్లండు ఫుట్‌బాల్ అంటే ఇద్దరికీ పిచ్చి. నాకు ఆ ఆట తెలియదు. మా ఊళ్ళో ఆడేవాళ్ళూ లేరు. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో బంతి తన్నుకుంటే వీడికి అన్నం సయించకపోవడమేమిటని చాలాసార్లు అనుకున్నాను. తమ్ముడిది ఆర్సెనల్. ఆ అబ్బాయిది మాంచెస్టర్ యునైటెడ్. ఆ ఏడాది ఆర్సెనల్ కెప్టెన్ వాన్ పెర్సీని మాంచెస్టర్ వాళ్ళు కొనుక్కున్నారు. ఆ కబురు వచ్చిన రోజున మెస్సులో అందరి ముందూ పృథ్వీరాజ్, "కెప్టెన్నే అమ్మీసినార్రా! మీ టీమూ మీ ఇంటి లాగే, బేరం కుదిరితే దేన్నయినా అమ్మీడమే" అన్నాడట. మావాడు చేతిలో ఉన్న స్టీలు కంచం విసిరాడు. అంచు తగిలి ఆ పిల్లాడి ఎడమ కనుబొమ చీలింది.

నేను దుకాణం మూసి భయపడుతూ వెళ్ళాను. కళింగపట్నం నుంచి వాళ్ళమ్మ లక్ష్మీనరసమ్మ గారు కూడా వచ్చారు. భర్త పోయిన మనిషి. కొడుకు నొసటి కట్టు చూసి నన్ను తిడతారనుకున్నాను. ఆవిడ కుర్రాళ్ళిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని అంతా విన్నారు.

"ఏటి? బంతాట కోసరమా ఇదంతా? ఆ ఆడీవోళ్ళకి మీరు తెలుసా?"

"తెల్దమ్మా" అన్నాడు పృథ్వీరాజ్.

"మరింకేటి! ఇద్దరూ నేస్తం కట్టీండి. అప్పుడు సచ్చినట్టు కొట్టుకోకుండా ఉంటారు."

అలా శ్రీకూర్మంలో స్వామి ఎదుట నేస్తం కట్టారు. కట్టేటప్పుడు ఒకరితో ఒకరు కొత్త బట్టలు మార్చుకోవాలి. వీళ్ళిద్దరూ పంచెలు కాకుండా తమ తమ టీముల జెర్సీలు తెచ్చారు. ఆట అయ్యాక ఆటగాళ్ళు కూడా అలాగే మార్చుకుంటారట. మావాడు ఫిరంగి బొమ్మ ఉన్న ఆర్సెనల్ జెర్సీ ఇచ్చాడు, ఆ అబ్బాయి మాంచెస్టర్‌ది ఇచ్చాడు. "రెండూ ఎరుపే గదర్రా, ఈ మాత్రానికి మార్చుకోడమెందుకు?" అని లక్ష్మీనరసమ్మ గారు నవ్వారు.

"ఎరుపులో ఎరుపుకి తేడా ఉన్నాదమ్మా. నేస్తం ఇచ్చినాడు కాబట్టి పుచ్చుకుంతన్నాను. ఇది మాత్రం నా ఒంటికి తగలదు" అన్నాడు పృథ్వీరాజ్.

"మీది నా ఒంటికీ తగలదు నేస్తం" అన్నాడు మావాడు. అప్పటిదాకా నోటి చివర ఉండే 'ఒరే' ఆ క్షణం నుంచీ పోయింది.

మాంచెస్టర్ జెర్సీ మా బీరువాలో అడుగు అరలో ఉండేది. దాని గుర్తులో ఓ ఓడా, శూలం పట్టుకున్న ఎర్ర దెయ్యమూ ఉంటాయి. మా ఆవిడ కన్యకాపరమేశ్వరి మొదటిసారి చూసి, "ఇదేటయ్యా, పసుపు బట్టలు పెట్టే బీరువాలో దెయ్యం బొమ్మ!" అంది.

"శూలం ఉన్నాది కదా వదినా. దణ్ణం పెట్టుకుంటే సరిపోద్ది" అన్నాడు తమ్ముడు.

తరువాత తమ్ముడు నాతోపాటు దుకాణంలో కూర్చున్నాడు. పృథ్వీరాజ్ విత్తనాల కంపెనీలో చేరి మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగేవాడు. టెక్కలి వైపు వస్తే మా ఇంట్లోనే భోజనం. వేరే ఏ విషయంలోనూ వాళ్ళ మధ్య మాట తేడా రావడం నేను చూడలేదు. ఫుట్‌బాల్‌కి మాత్రం ఆ నియమం వర్తించదని ఇద్దరూ తీర్మానించుకున్నారు.

"మీకు రెండో స్థానం రాసిపెట్టి ఉన్నాది నేస్తం" అనేవాడు పృథ్వీరాజ్. "మార్చి దాకా పరిగెడతారు, ఏప్రిల్‌లో ఆయాసం వస్తాది."

"మాకు ఆయాసం వస్తాది, మీకు మూర్ఛే వచ్చింది. పదిహేనో స్థానమట! వెతుక్కోడానికి ఫోన్లో పట్టికని వేలు పెట్టి కిందకి జరపాల్సి వచ్చింది."

"మా ముసిలి కోచ్ ఉన్నన్నాళ్ళు మీరెక్కడున్నారు? ఆయన గడియారం చూసుకుంటే చాలు, గోల్ పడిపోయేది."

"ఓ ఏడంతా ఒక్క ఆటా ఓడకుండా కప్పు కొట్టినాము. మీరు కొట్టినారా?"

"అప్పటికి నీకు మీసం రాలేదు. ఇప్పుడు నెరుస్తంది. ఇంకా అదే సెప్తన్నావు!"

మా ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ, "ఇద్దరూ ఓడిపోయినోళ్ళే కదా, ఎందుకయ్యా ఈ గోల?" అనేది. ఇద్దరూ ఒకేసారి నవ్వేవారు.

జ్యేష్ఠ మాసం, తొలకరి పడింది. పృథ్వీరాజ్ టెక్కలి నుంచి ఇంటికి వెళుతుండగా కోటబొమ్మాళి దాటాక లారీ తగిలింది. ఆ రోజు వేసుకున్నది అతని సొంత మాంచెస్టర్ జెర్సీ. అతనికున్నది అదొక్కటే. ఉతికి ఉతికి రంగు పోయింది. ఆసుపత్రిలో దాన్ని కత్తిరించి తీశారు. మేము వెళ్ళేసరికి ఊపిరి లేదు. ఎడమ కనుబొమ మీది గాటు మాత్రం అలాగే ఉంది.

శవాన్ని వాళ్ళ చిన్నాన్న సూరయ్య తీసుకువెళ్ళాడు. నేస్తం తరపున కొత్త బట్ట తీసుకెళ్ళి కప్పాలి కాబట్టి మేము ముందు నౌపడ వచ్చాం. నేను పంచె తీస్తుంటే తమ్ముడు బీరువా అడుగు అర లాగి మాంచెస్టర్ జెర్సీ తీశాడు. శ్రీకూర్మంలో ఎలా మడతపెట్టాడో అదే మడత. కవరులో పెట్టుకుని చంకలో ఇరికించుకున్నాడు.

"ఎందుకురా?"

"నేస్తానికి ఇచ్చేస్తాను అన్నయ్యా. ఆయన టీము సొక్కా ఆయనకి లేకుండా పంపకూడదు. చింపేసినారు కదా."

శాస్త్రంలో అలాంటిది ఉందో లేదో నాకు తెలియదు. పోయినవాళ్ళకి ఇష్టమైనది పిండం పక్కన పెడతాం కదా, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను.

కళింగపట్నం చేరేసరికి ఎండ వాలుతోంది. సముద్రం మీంచి గాలి ఎండుచేపల వాసన మోసుకొస్తోంది. వీధి అరుగు మీద పడుకోబెట్టారు. లక్ష్మీనరసమ్మ గారు తల దగ్గర కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. శవం మీద తెల్ల బట్ట, దాని మీద గుండెల దగ్గర ఎర్ర జెర్సీ పరిచి ఉంది. జెర్సీ చేతులు తెల్లవి. ఎడమ పక్కన ఫిరంగి బొమ్మ.

ఆట తెలియని నాకు కూడా అది ఎవరిదో తెలిసింది.

తమ్ముడు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆవిడ చెయ్యి చాపి అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"సూడు బాబూ, నీ నేస్తాన్ని. ఆడి ఆట సొక్కా యేసినాను. దేవుడి గూటి కింద పెట్టెలో కలరా ఉండలేసి దాసుకున్నాడు. ఒక్కపాలయినా తొడగలేదు. నలిగిపోతాదని కాబోలు. అంత పాణం ఈ టీమంటే." ఆవిడ ఫిరంగి బొమ్మ మీద ముడత సవరించారు. "ఇదే గదా బాబూ ఆడి టీము? నాకు తెల్దు. తప్పు యేసీనేదు కదా?"

తమ్ముడి చంకలో కవరు చప్పుడు చేసింది. అందులో ఉన్నది బయటికి తీస్తే చాలు, పృథ్వీరాజ్ తన రంగుతో వెళతాడు. అయితే ఆ తల్లి తన చేతులతో పరిచినదాన్ని ఆవిడే తియ్యాలి. కొడుకుకి చివరిసారి చేసిన పని తప్పయిందని ఆవిడ బతికినన్నాళ్ళూ తలుచుకోవాలి.

"ఇదేనమ్మా" అన్నాడు తమ్ముడు. "సరిగ్గానే యేసినావు."

ఆవిడ తల ఊపి, కొడుకు జుట్టు దువ్వారు. తమ్ముడు పంచె కప్పాడు, జెర్సీ మూసుకుపోకుండా నడుము దాకానే. వంశధార ఒడ్డున సూరయ్య తలకొరివి పెట్టాడు. ఎర్రబట్ట ముందు అంటుకుంది.

తిరుగు బస్సులో తమ్ముడు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేనే అడిగాను.

"శవం దగ్గర అబద్ధం ఆడొచ్చా తమ్ముడూ?"

"దేవుడి గూటి కింద పెట్టుకున్నాడట అన్నయ్యా. నేను బీరువా అడుగున పడేసినాను."

అది నా ప్రశ్నకి జవాబో కాదో నాకు తెలియలేదు.

మైల పట్టాలా అని మా పురోహితుణ్ణి అడిగితే, కులం వేరు, గోత్రం వేరు, శాస్త్రంలో లేదన్నారు. మా నాన్నగారు తన నేస్తం పోయినప్పుడు పట్టారు. శాస్త్రానికి తెలియని చుట్టరికం నాన్నకి తెలిసింది కదా అనుకుని మేమూ పట్టాం. కర్మలన్నీ అయ్యాయి. తమ్ముడు దుకాణంలో కూర్చునేవాడు, అడిగినవాళ్ళకి సరుకు ఇచ్చేవాడు. ఫోన్లో ఫుట్‌బాల్ కబుర్లు చూడటం మానేశాడు. ఆర్సెనల్ ఎవరెవరిని కొంటోందో ఊళ్ళో కుర్రాళ్ళు వచ్చి చెబితే, "ఔనా" అని ఊరుకునేవాడు. గెలిస్తే ఎవరికి చెప్పాలి, ఓడితే ఎవరి నోట పడాలి? అభిమానానికి ఎదుటివాడు కూడా కావాలని నాకప్పుడే అర్థమైంది.

లక్ష్మీనరసమ్మ గారు మాత్రం అప్పుడప్పుడు ఫోను చేసేవారు. "ఆడి టీము ఆట మళ్ళీ ఎప్పుడు బాబూ?" అని అడిగేవారు. వానలు తగ్గేలోగా మొదలవుతాయని తమ్ముడు చెప్పాడు.

కృష్ణాష్టమి మర్నాడు, ఆదివారం, మొదటి ఆటే ఆర్సెనల్‌కీ మాంచెస్టర్‌కీ పడింది. తమ్ముడు చూశాడు. ఆరంభంలోనే కార్నర్ నుంచి ఆర్సెనల్ గోల్ కొట్టింది, ఆ ఒక్క గోల్‌తోనే గెలిచింది. పూర్వమైతే వీధి దద్దరిల్లేలా అరిచేవాడు. ఆ రోజు టీవీ కట్టేసి, వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం కళింగపట్నంలో రెండో మాసికం. ఇద్దరం వెళ్ళాం. భోజనాలయ్యాక లక్ష్మీనరసమ్మ గారు స్తంభానికి ఆనుకుని కూర్చుని అడిగారు.

"నిన్న ఏటైనాది బాబూ?"

"గెలిసింది అమ్మా. ఒక గోల్ కొట్టినారు."

"ఎవరి మీద?"

"మాంచెస్టర్ మీద."

ఆవిడ కాస్త ముందుకు వంగారు. "మీరిద్దరూ ఎప్పుడూ ఎదురెదురే గదా. ఆ మాంచెస్టరు నీదేనా అయితే?"

చిన్నప్పటి నుంచీ మా దుకాణం గోడకి వీడు అంటించిన ఫిరంగి బొమ్మలు గుర్తొచ్చాయి నాకు. ఆ టీము ఓడినప్పుడల్లా అన్నం మానేసిన పూటలు గుర్తొచ్చాయి. పెళ్ళి చూపులకి వెళ్ళి కూడా స్కోరు చూసుకున్నవాడు.

"నాదేనమ్మా" అన్నాడు.

"అయితే మావోడు గెలిసినాడన్నమాట!" పృథ్వీరాజ్ పోయాక ఆవిడ నవ్వగా నేను చూడటం అదే. "ఓడిపోనారేటి మీవోళ్ళు? మొదటి ఆటకే?"

"మావోళ్ళు బాగానే ఆడినారమ్మా. బంతి ఎక్కువసేపు మా కాళ్ళ దగ్గిరే ఉన్నాది. ఆ కార్నర్ ఒక్కటి కాస్త సూసుకుంటే..."

"ఊరుకో, ఓడినోడు ఎప్పుడూ అదే సెప్తాడు!"

మజ్జిగ గ్లాసు పట్టుకుని మా ఇంట్లో పృథ్వీరాజ్ ఎలా వాదించేవాడో అచ్చం అలాగే వాదించాడు తమ్ముడు. చెయ్యి ఊపడం కూడా అదే. ఆవిడ నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, చాలాసేపు తియ్యలేదు. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చారు.

"మళ్ళీ మీ రెండు టీములకీ ఎప్పుడు?"

"జనవరిలో అమ్మా."

"అందాకా నేనుంతానో నేదో."

"ఉండాలమ్మా. ఈపాలి మావోళ్ళు గెలిస్తే నేనెవరికి సెప్పుకోను?"

ఇంటికి రాగానే తమ్ముడు స్నానం చేసి, బీరువా అడుగు అర లాగి, మళ్ళీ అక్కడే పెట్టిన మాంచెస్టర్ జెర్సీ మడత విప్పాడు. తొడుక్కుంటే భుజాల దగ్గర కాస్త బిగుతైంది. అలాగే దుకాణానికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఆ దెయ్యం బొమ్మ వంక చూసింది, నా వంక చూసింది, దీపంలో నూనె పోయడానికి లోపలికి వెళ్ళింది.