మెట్లు ఎక్కడ దిగాలి

ఉదయం పదకొండూ ఇరవైకి, నది ఒడ్డు ప్లాను మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుండగా, ప్లానింగ్ అధికారికి మైకు ముందు ఎక్కిళ్లు మొదలయ్యాయి.

అప్పటికి అతను ఒడ్డు వెంట వేసే కాలిబాట గురించి, దీపాల గురించి చెప్పడం అయిపోయింది. మిగిలింది మెట్లు. రోడ్డు నుంచి నీళ్ల దగ్గరికి దిగాలంటే కొట్ల వరసలో ఒకచోట దారి తియ్యాలి. దారి తియ్యాలంటే ఒక కొట్టు పోవాలి. బయటి సంస్థ గీసిచ్చిన మొదటి ప్లానులో పోయేది ఆరో కొట్టు. అధికారి రాసిన నోటు ప్రకారం పోయేది ఏడోది.

ఆరో కొట్లో పడవలకు టార్పాలిన్లు కుడతారు. కుట్టేది అధికారి సొంత అక్క. వెనక తలుపు తీస్తే రేవు. పడవ మీదే కొలత తీసుకుని ఆమె మిషను దగ్గరికి వస్తుంది. ఊళ్లో ఇంకెక్కడ కొట్టు ఇచ్చినా ఆ వెనక తలుపు రాదు. ఏడోది తాళ్ల కొట్టు. దాని యజమానిని వరసంతా మోకు బాబాయి అంటారు.

రక్తసంబంధీకుల ఆస్తి ప్లానులో ఉంటే అధికారి ఆ సంగతి ముందే రాసిచ్చి ఫైలు వదిలేయాలి. అతను రాసివ్వలేదు.

ముందు రోజు సాయంత్రం అతను అక్క కొట్టుకు వెళ్లాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. తలుపు దగ్గరికీ మిషను దగ్గరికీ తిరిగాడు. టార్పాలిన్ అంచుకు బిగించిన ఇత్తడి రింగులో వేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఈ గస్తీ ఏంట్రా? దొంగలెవరైనా వస్తున్నారా?" అంది అక్క.

"రేపు నువ్వు సభకి రాకపోతే నయం."

"కొట్టు తియ్యొద్దని అర్జీ పెట్టిన మనిషి రాకపోతే ఎలా? నాకు కొట్టు అక్కర్లేదనుకుంటారు."

అక్క మిషను ఆపింది.

"నీ నోటులో ఏం రాశావు?"

"రోడ్డు వాలంతా నీ కొట్టు మీదికే ఉంది. ఇక్కడ గోడ తీసేస్తే వానాకాలం నీళ్లన్నీ మెట్ల మీద పడతాయి. అదే రాశాను."

"నా కోసం కాదా?"

"కాదు." తలుపు దాకా వెళ్లి వచ్చాడు. "ఏమో, తెలీదు."

మోకు బాబాయి గోడ అవతలి నుంచి అంతా విన్నట్టున్నాడు. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎవరి కోసమైతే ఏమయ్యా? నా కొట్టు పోతే బాగుపడేది నేను. ఈ మోకాళ్లతో ఇంకా ఎన్నాళ్లు మోకులు మొయ్యను? పరిహారం పుచ్చుకుని కూతురి దగ్గరికి వెళ్లిపోతాను. పిల్లి మెడలో గంటకి తాడు నేనిస్తానంటుంటే, గంట మోగుతుందేమోనని మీకు భయం."

"మోగితే పోయే ఉద్యోగం నాది బాబాయ్," అన్నాడు అధికారి.

"మోగనివ్వకండి. అమ్మాయ్, రేపు హాల్లో వీడు నీకేమవుతాడు?"

"అధికారి గారు," అని ఆమె మిషను మీద తల ఆనించి నవ్వింది. "ఈ ముక్కుకి చీమిడి తుడిచింది నేను బాబాయ్. దీనికి గారు తగిలించాలా?"

"అలవాటు చేసుకో. ఏదీ, ఇంకోసారి."

ఇంకో రెండుసార్లు చెప్పించాడు. ఆఖరిసారి ఆమె నవ్వకుండా అంది.

సభలో ఆమె రెండో వరసలో కూర్చుంది. పక్కన మోకు బాబాయి. కంగారుపడితే తమ్ముడికి ఎక్కిళ్లు వస్తాయని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఆరో కొట్టు దగ్గర రోడ్డు వాలు..." అన్నాడు అధికారి. ఎక్కిలి వచ్చింది. "వాలు కారణంగా..." మళ్లీ వచ్చింది.

"ఎవరో గట్టిగానే తలుచుకుంటున్నారు సార్," అన్నారు వెనక నుంచి. హాలు నవ్వింది. అతను కాగితాలు తిరగేశాడు. మాట అందుకోబోతే ఎక్కిలి అడ్డం పడింది. ముఖం ఎర్రబడింది.

ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. మోకు బాబాయి ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని మైకు దగ్గరికి నడిచింది.

"ఒరేయ్ చిన్నోడా, మాట్లాడకు. ముందు నీళ్లు తాగు. ముక్కు మూసుకుని తాగరా."

మైకు ఆన్‌లోనే ఉంది.

అతను ముక్కు మూసుకుని తాగాడు. సీసా సగమైంది.

"ఈయన మీకేమవుతారమ్మా?" అని కమిటీ అధ్యక్షురాలు అడిగింది.

ఆమె సీసా తీసుకుని మూత బిగించింది. "అధికారి గారు."

"నేను హోదా అడగలేదు."

"మా అక్క అండి," అన్నాడు అతను. "సొంత అక్క." ఎక్కిళ్లు ఆగిపోయాయి.

"ఆ సంగతి రాసిచ్చారా?"

"లేదండి."

అధ్యక్షురాలు అతన్ని బయటికి వెళ్లమంది. అతని నోటును రికార్డు నుంచి తీసేయమంది. ఆ నోటు పోతే మిగిలింది మొదటి ప్లాను.

మోకు బాబాయి లేచాడు. "అమ్మా, నా కొట్టే తీసుకోండి. సంతోషంగా ఇస్తాను."

"కొట్టు పోతుంటే సంతోషమేంటి పెద్దాయనా? నీకేం ముట్టింది?" అన్నాడు కమిటీ సభ్యుడొకడు.

"ముట్టలేదనే కదా బాబూ, పరిహారం ఇమ్మంటున్నాను."

ఈసారి హాలు నవ్వలేదు. వాలు సంగతి మళ్లీ చూడాలని ఒక సభ్యురాలు అంది. వాలు కొలిచింది కూడా ఆ తమ్ముడేగా అని ఇంకొకరు అన్నారు. ఏడుగురిలో అయిదుగురు మొదటి ప్లానుకు చేతులెత్తారు.

అధికారి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తున్నాడు. అక్క, మోకు బాబాయి బయటికి వచ్చారు.

"ఆ నాలిక్కి ఒక్క ముడి వేసుకుంటే సరిపోయేది కదే," అన్నాడు మోకు బాబాయి. "నా దగ్గర తాళ్లకేం కరువు?"

"వాడికి ఊపిరాడట్లేదు బాబాయ్."

ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్లింది. "తగ్గాయా?"

"తగ్గాయి."

సీసాలో మిగిలిన నీళ్లు అతనికిచ్చింది. అతను తాగాడు.

మధ్యాహ్నం ఫైలు ఇంకో అధికారికి ఇచ్చారు. ఇతన్ని సంజాయిషీ అడిగారు. నాలుగు గంటలకు సర్వే మనుషులు వచ్చి ఆరో కొట్టు తలుపు మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీశారు. పక్కన తాళ్ల కొట్టు తెరిచి ఉంది. గీత గీస్తున్నంతసేపూ ఆరో కొట్లో మిషను నడుస్తోంది.