డీజిలువారి సంబంధం

బంగారమ్మ కొడుకు పరదేశికి గాలి సోకిందని పక్కింటి సూరమ్మ కుళాయి దగ్గర అందరితోనూ అన్నదట. రాయపూర్ దేవేంద్ర నగర్‌లో కంప్యూటరు పనికి కుదిరినప్పటి నుంచీ కుర్రాడి వాలకం మారిపోయిందట. మోవా రోడ్డు మీద కొట్ల బోర్డులు చదువుకుంటూ, గాలిలో వేలితో గీతలు గీస్తూ, తనలో తను నవ్వుకుంటున్నాడట. బిందెలు నిండేలోగా ఆ మాట బంగారమ్మ చెవిన పడింది. ఆవిడ సాయంత్రం ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో పడేసింది. ఘాటే రాలేదు.

"సూశావా, ఎంత దిష్టో!" అని మొగుడితో చెప్పి కళ్ళొత్తుకుంది.

పరదేశికి పట్టింది దిష్టి కాదు, పేర్ల పిచ్చి. ప్రోగ్రాములో వాడే ప్రతిదానికీ ఏదో పేరు పెట్టాలి కదా, ఆ పేరులో ఒకడు రెండు మాటల మధ్య అడుగున గీత గీస్తాడు. ఇంకొకడు మాటలు అంటించేసి రెండోదానికి పెద్దక్షరం పెడతాడు. ఒకడు ఏకవచనమంటాడు, ఒకడు బహువచనమంటాడు. ఎవడు ఏ తీరున రాసి పడేసినా దాన్ని ఒకే తీరులోకి మార్చే ప్రోగ్రాము పరదేశి తనంతట తను రాశాడు. అది మొదటిసారి తప్పు లేకుండా నడిచిన రోజున సైకిలెక్కి, ఇల్లు దాటిపోయిన సంగతి కూడా తెలియకుండా ఉర్లా ఫ్యాక్టరీల పొగ మొహానికి కొట్టేదాకా తొక్కుకుంటూ పోయాడు.

ఆ పిచ్చికి తోడు తాయారు. టైపు నేర్చుకునేచోట పరిచయం. వాళ్ళ నాన్న నూకరాజు రైల్వే డీజిలు ఇంజన్ల షెడ్డులో మేస్త్రీ. పరదేశి నాన్న దానయ్యదీ ఆ షెడ్డే. ఇద్దరూ ఏళ్ళ తరబడి "బావా" అంటే "బావా" అనుకుంటూ ఒకే బీడీ పంచుకున్నవాళ్ళు. అయినా సంబంధం మాట ఎత్తేసరికి నూకరాజు బిగుసుకున్నాడు.

"సంఘం మీటింగులో నీ మిషను నలుగురి ముందూ నడవాల. నా కూతురు పేరూ నీ పేరూ దాన్లో వెయ్యి. వరస కుదిరిందని అదే చెప్పాల. అప్పుడు అక్కడే తాంబూలం పుచ్చుకుంటాను. లేదంటే బస్, ఖతం."

పరదేశి ఎగిరి గంతేశాడు. తమ ఇంటిపేరు పైల, వాళ్ళది గొర్లె. ఇంత తేలిక పరీక్ష ఏ మావగారు పెడతాడు?

తెలుగు సంఘం అధ్యక్షుడు భీమారావుకీ ఇది నచ్చింది. రాయపూర్‌లో ఉన్న మనవాళ్ళందరి పేర్లూ మిషనులో పెడితే, ఒకే ఇంటిపేరు వాళ్ళు ఒకరికొకరు అన్నాచెల్లెళ్ళవుతారు కనుక వాళ్ళని పక్కనపెట్టి మిగిలినవాళ్ళకి సంబంధాలు చూపిస్తుందని ఆయన లెక్క. సంఘం పనులు చూసే కోటయ్య, రైల్వే కాలనీలో గుమ్మం గుమ్మం తిరిగి పేర్లు రాసుకొచ్చాడు. పరదేశి వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, "గారు" ఉంటే కోసేసి, "వారి" ఉంటే కోసేసి, మొదటి మాట ఇంటిపేరు, రెండోది మనిషి పేరు, ఆ ఇంట్లోవాళ్ళందరికీ అదే ఇంటిపేరు అని మిషనుకి నేర్పాడు. కత్తిరించిన ప్రతి తోకకీ వాడికి కితకితలు పెట్టినట్టుండేది.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. కుర్చీల వెనక బల్లలు, బల్లల వెనక గోడెక్కిన పిల్లలు. పరదేశి మీట నొక్కాడు. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ కాగితాన్ని బయటికి తోసింది. భీమారావు కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

"వరుడు, డీజిలు పరదేశి. వధువు, డీజిలు తాయారు. ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్ళు. పనికిరాదు."

నవ్వు వెనక బల్లల దగ్గర మొదలై ముందు కుర్చీల మీద విరుచుకుపడింది. ప్రింటరు మాత్రం ఆగలేదు. వ్యాగను వాళ్ళంతా ఒక వంశమంది. పెళ్ళయి మనవలను ఎత్తుకున్న సిగ్నలు ఐజాక్‌కి, పెళ్ళాం రూతమ్మ చెల్లెలంది.

"అరే దేవుడా!" అని రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది అన్నయ్యకా!"

"నూకరాజూ, ఇంక దానయ్యని బావా అనకు. తమ్ముడూ అను!" అని ఎవరో కేకేశారు.

పరదేశికి అప్పుడు వెలిగింది. ఈ కాలనీలో ఇంటిపేర్లు ఎవరు పలుకుతారు? రైల్వేలో ఎక్కడ పనిచేస్తే ఆ పేరే ఇంటిపేరు. "డీజిలువారి దానయ్య" అని తన చేత్తో, తన నాన్న పేరే కొట్టినా కన్ను ఆగలేదు. పుట్టినప్పటి నుంచీ విన్న మాట కదా! పైగా "వారి" తోక ఎంత చక్కగా తెగిందో అని మురిసిపోయాడు కూడాను. భయం వెయ్యాల్సిన చోట నవ్వు తన్నుకొచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వాడు. దానయ్యా నవ్వాడు. మిషను ఐజాక్‌ని పట్టుకున్నప్పుడు భీమారావు కళ్ళజోడు కూడా జారింది.

నవ్వనిది నూకరాజు ఒక్కడే. ఆయన లేచి నిలబడేసరికి పరదేశి నవ్వు ఆపి ఎదురెళ్ళాడు.

"మావా, ఒక్క పది నిమిషాలు. అసలు ఇంటిపేర్లు వేసి మళ్ళీ..."

"ఎవుడ్రా నీకు మావ? నలుగురిలో నా కూతుర్ని నీకు చెల్లెల్ని చేసింది నీ మిషను. మాట మాటే. ఖతమంటే ఖతం. ఏటి బావా, కాదంటావా?"

దానయ్య ఒక చేత్తో తాంబూలం పళ్ళెం పట్టుకుని రెండో చేత్తో తల గోక్కున్నాడు. బంగారమ్మ మిరపకాయలు ఇంకోసారి దిగదుడవాల్సిందేమోనని గొణిగింది. పరదేశి మీట మీంచి చెయ్యి తీసేశాడు. ఆ మీట ఇంకెప్పుడూ ముట్టకూడదనిపించింది.

ఆడవాళ్ళ వరసలోంచి తాయారు లేచింది. ప్రింటరు దగ్గరికి వచ్చి, ఆ కాగితం చింపి, మడిచి తండ్రి చేతిలో పెట్టింది.

"కోటయ్య బాబాయి గుమ్మంలో నిలబడి పేరడిగితే డీజిలువారి నూకరాజునని మీసం మెలేసింది నువ్వే నాన్నా. నువ్వు చెప్పిందే అది రాసింది. నేను ఇతన్నే చేసుకుంటాను. దానయ్య మావా, ఆ తాంబూలం ఇలా ఇయ్యి."