ఇంటికో డబ్బీ

ఆదివారం పొద్దున్నే గిన్నెలు తోముతుంటే సబ్బునీళ్లు వేళ్ల పగుళ్లలోకి దిగి చుర్రుమన్నాయి. "ఊరందరి తోలుకు మందిస్తది, తన చేతులే జూస్కోదు," అని మా అత్తగారు నాగమణమ్మ దేవుడి గూటికి చెప్పినట్టు నాకు చెప్పింది. నిజమే, నేను చర్మరోగాల డాక్టర్ని. శాలిబండ దవాఖానాలో నా ముందుకొచ్చే ఆడవాళ్లలో సగం మంది ఇలాంటి చేతులే చాపుతారు. లాడ్ బజార్‌కు లక్కగాజులు చేసిచ్చేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, ఇంట్లో ఊరికే ఉండేవాళ్లు. ఆ 'ఊరికే' వాళ్ల మొగుళ్ల మాట. రెండు వారాలు చేతులు తడపకమ్మా అంటాను. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి గిన్నెలు ముందేసుకుంటాను.

ఆ రోజు మా ఇంటికి ముగ్గురు డాక్టర్లు రావాలి. అందరూ ఆడవాళ్లేనని తెలిసి, అయితే వంటకు చేయిసాయం ఉంటుందిలే అని అత్తగారు సంబరపడింది. కార్వాన్ నుంచి సావిత్రి, మరో రెండు దవాఖానాల నుంచి ఇద్దరు. మేం నలుగురం కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాం. చేతుల ఎగ్జిమాకు ఖరీదైన కంపెనీ మలాం కావాలా, మా కాంపౌండర్ ప్రకాశం నూరే మామూలు మలాం చాలా అని. ఒక్క దవాఖానాలో చూస్తే ఎవరూ నమ్మరు. నాలుగుచోట్ల ఒకే తీరుగా చూస్తే కొట్టిపారేయలేరు. రెండూ ఒకేలాంటి డబ్బీల్లో పెట్టి, ఒకదాని మూత మీద ఎర్రచుక్క, ఇంకోదాని మీద పచ్చచుక్క పెట్టించాం. ఏ చుక్క ఏ మందో ప్రకాశానికి తప్ప మాక్కూడా తెలియదు. కంపెనీ సొమ్ము ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నాం. ముట్టుకుంటే ఫలితం ముందు వాళ్లే చూస్తారు, నచ్చకపోతే తొక్కిపెడతారు.

చిక్కేమిటంటే, ఆ కంపెనీ మలాంకు పాతబస్తీ ఏజెంటు మా ఆయన సోమశేఖర్. పరీక్షకు కావలసింది ఆయన దుకాణంలోనే కొన్నాం, పైసా తగ్గించలేదు మహానుభావుడు. పైగా పరీక్షంతా కంపెనీ పేరు మీదే నడుస్తుందని నన్నడగకుండానే వాళ్ల మేనేజరు బాబురావుకు మాటిచ్చేశాడు. ఆ బాబురావు వచ్చి హాల్లో కొత్త టీవీ పక్కన కూర్చున్నాడు. మా మీటింగు వంటింట్లో.

సావిత్రి వస్తూనే పీట మీద కూలబడింది. "అంత ఆగమైంది కళా," అంది. కార్వాన్‌లో ఒక ఇంటికి వెళ్లి చూస్తే అత్త ఎర్రచుక్క డబ్బీ, కోడలి పచ్చచుక్క డబ్బీ ఒకే గూట్లో ఉన్నాయట. ఎవరి చేతికి ఏది అందితే అది రాసుకుంటున్నారట. పచ్చది అయిపోతే అత్త ఎర్రదాంట్లోంచి తీసి నింపిందట కూడా. మిగతా ఇద్దరూ తమ నోటుపుస్తకాలు తెరిచి చూపించారు. వాళ్ల దగ్గరా ఇదే బాగోతం. నెలల కష్టం నీళ్లపాలైంది.

మా ఆయన గుమ్మంలోకొచ్చాడు. "నేను జెప్పలే? ఇండ్లల్ల గిట్లనే అయితది. కంపెనీ పైసలిస్తె పేషెంట్లను దవాఖాన్లనే ఉంచి చెయ్యొచ్చు. ఒప్పుకో, లొల్లి వోతది."

నాకు ఏడుపొచ్చింది. ఒప్పేసుకుందామనీ అనిపించింది. వేళ్ల మంటకు రాసుకుందామని గూట్లో చెయ్యిపెట్టి, నేను నిన్న తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా తీశాను. ఖాళీ. ఇంటిల్లిపాదీ తలకు రాసుకున్నారు. పెళ్లైన కొత్తలో నా చీర ఆడపడుచు కట్టుకుపోతే, ఇంట్లో నీది నాది ఏంది అంది అత్తగారు. ఆ మాట ఎన్నిసార్లు మింగానో. మా తప్పేమిటో అప్పుడు తట్టింది. పుస్తకాల్లో ఉన్నట్టు మనిషికో డబ్బీ ఇచ్చాం. ఏ ఇంట్లోనూ ఆడదానికి తనదంటూ ఒక్క డబ్బీ ఉండదని, ఆడవాళ్లమై ఉండి, మరిచిపోయాం.

"మనిషికి గాదు, ఇంటికిద్దాం," అన్నాను. "ఇంటికి ఒకటే చుక్క. ఎవల డబ్బీ ఎవలు రాసుకున్నా ఫికర్ లేదు."

సావిత్రి వేళ్ల మీద లెక్కేసింది. ఇల్లంతా కలిపి లెక్కలో ఒక్కటే అవుతుంది గనక, అట్లయితే ఇళ్లు మస్తు కావాలంది. ఇంకో రెండు దవాఖానాలను కలుపుకుందామన్నాను. ఎవరు ముందు నవ్వారో గాని, నలుగురం కళ్లు తుడుచుకుంటూ నవ్వాం. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏ ఇంటికి ఏ చుక్కో చీటీలు తీద్దామని, అవి వేయడానికి ఖాళీ పప్పుగిన్నె తుడిచి పెట్టుకున్నాం కూడా.

హాల్లోకి వెళ్లి బాబురావుకు చెప్పేశాను. "కంపెనీ పేరు ఉండది సార్. ఫలితం అచ్చయినంక అందరితోని మీరు గూడ చదువుండ్రి."

ఆయన చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయాడు. డాక్టర్లూ వెళ్లారు. మా ఆయన ముఖం మాడ్చుకుని వంటింట్లోకి వచ్చాడు. ఏదో ఒకటి అనాలి కదా, కప్పులు అట్లనే పడున్నయి, గిన్నెలు గూడ అన్నాడు.

"రెండు వారాలు నా చేతులు తడవొద్దట. డాక్టరమ్మ జెప్పింది."

"ఏ డాక్టరమ్మ?"

"నేనే," అని సబ్బు డబ్బీ ఆయన చేతిలో పెట్టాను.