మేకల పాక మీది రేకులు

చలి మొదలైన వారంలోనే అక్క బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉండాలి, మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. ఆవిడ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఊరి చివర రెండు గదుల ఇల్లు, వెనక రేకుల పాక, పాకలో ఏడు మేకలు. అదీ ఆవిడ సంసారం.

మొదటి వారం మేకల్ని తమ్ముడు చూశాడు. అతనికి వెల్డింగ్ షాపుంది, ఊపిరాడని పని. అందుకని రెండో వారం చెల్లెలు వచ్చింది. ముగ్గురిలోకీ ఆఖరిది, అతనికీ చెల్లెలే. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో దర్జీ. షాపులో బతిమాలి సెలవు పెట్టి, పొద్దున్నే సంచీతో దిగింది.

పాక దగ్గరకు వెళ్ళేసరికి పైన ఆకాశం కనబడింది. మూడు వైపులా చెక్కలు ఉన్నాయి, దూలాలు ఉన్నాయి, రేకులు మాత్రం లేవు. ఒక మూల చిరుగుల పట్టా ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. ఏడు మేకలూ దాని కింద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఆమెను చూశాయి. చూసి, అడిగేవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారన్నట్టు ఒక్కసారిగా మీదికొచ్చాయి. ఒకటి సంచీలో మూతి పెట్టింది. ఒకటి చీర కొంగు నోట కరుచుకుంది.

చెల్లెలు అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేసింది.

"రేకులేవి అన్నయ్యా?"

"షాపులో ఉన్నాయి. కొత్త మిషన్ వచ్చింది కదా, దానికి పక్కన షెడ్డు వేశాను. అర్జంటుగా కావాల్సొచ్చింది."

"మరి ఇవి చలికి ఏమైపోవాలి?"

"వాటికి బొచ్చుంది కదే. అయినా ఎన్నాళ్ళులే. ఆదివారం ఒకతను వచ్చి తోలుకుపోతాడు. మాట్లాడేశాను."

"అమ్మేస్తున్నావా?"

"అక్కే అమ్మెయ్యమంది. ఇకమీదట ఆవిడ వంగగలదా, లేవగలదా, నువ్వే చెప్పు."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద మండిపడాలో తేలలేదు. అక్కే అమ్మమన్నాక తనెవరు మధ్యలో? అక్క మీద కూడా కోపం వచ్చింది. ఈ మాత్రానికేనా పదేళ్ళు వీటిని పిల్లల్లా పెంచింది?

మేకలకు ఆ గొడవేమీ పట్టలేదు. రెండు రోజుల్లో ఆమెను తమలో కలిపేసుకున్నాయి. అక్క వాటికి బస్సులో ఎక్కిన జనాన్ని చూసి పేర్లు పెట్టింది. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నల్లదాని పేరు వకీలు. కళ్ళ చుట్టూ తెల్లటి కళ్ళజోడులాంటి మచ్చలున్నది టీచరమ్మ. ఎప్పుడూ చెక్కల సందులోంచి బయటికి చూసేది కిటికీసీటు. టీచరమ్మకు నెల కిందట పుట్టిన పిల్ల హాఫ్‌టికెట్. చెల్లెలు పొద్దుటెండలో పాక ముందు పీట వేసుకుని, షాపు నుంచి తెచ్చుకున్న చొక్కాలకు గుండీలు కుడుతుంటే వకీలు వెనకనుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించి నిలబడేది. హాఫ్‌టికెట్ ఒళ్ళో ఎక్కి నిద్రపోయేది. దాని కడుపు వేడి చీరలోంచి తొడకు తగులుతుంటే ఆమెకు లేవబుద్ధయ్యేది కాదు. ఒకరోజు లేచి చూసుకునేసరికి కొలత టేపు పన్నెండో అంగుళం దాకా ఎవరి కడుపులోకో వెళ్ళిపోయింది. వకీలును నిలదీసింది. అది "మ్యా" అని వాదించింది. చాలా రోజుల తర్వాత ఆమె ఒంటరిగా నవ్వుకుంది.

ఎండ దిగగానే మాత్రం గాలి కత్తిలా వీచేది. ఆమె దుప్పట్లు తెచ్చి చెక్కలకు కట్టింది. గోనెసంచులు పరిచింది. ఒక సాయంత్రం హాఫ్‌టికెట్‌ను ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెడితే, టీచరమ్మ అరుస్తూ తలుపును పొడుస్తూనే ఉంది. చూడలేక, పిల్లను తల్లి దగ్గరికే చేర్చింది. అన్నకు మళ్ళీ ఫోన్ చేసింది. "వారంలో చూద్దాం" అన్నాడు.

నాలుగో రోజు తెల్లవారుజామున వాన పడింది. ఆమె లేచి పరుగెత్తేసరికి పట్టా చిరిగి ఒక పక్కకు వేలాడుతోంది, మేకలన్నీ చెక్కగోడకు అతుక్కుపోయి ఉన్నాయి. హాఫ్‌టికెట్ తల్లి కాళ్ళ మధ్య పడి ఉంది, నిండా తడిసి. ఆమె దాన్ని పొయ్యి దగ్గరికి తెచ్చి తువ్వాలుతో రుద్దింది. గుండెకు హత్తుకుంది. పాలు వేడి చేసి చెంచాతో పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఎనిమిది కాకముందే అది పోయింది.

పెరటి గోడ పక్కన గొయ్యి తీసి తనే పూడ్చింది. టీచరమ్మ వచ్చి ఆ మట్టిని వాసన చూసి, తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఆమె చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చెల్లెల్ని చూడగానే మొదలుపెట్టింది.

"వకీలు తింటోందా? దానికి నేను కనబడకపోతే అలక. కిటికీసీటు కాలు నయమైందా? హాఫ్‌టికెట్ పాలు బాగా తాగుతోందా?"

"ఊఁ" అంది చెల్లెలు. నోటికి అదే వచ్చింది. తర్వాత మాట మార్చాలని, "ఆదివారం వాటిని పంపించేశాక నీకు బెంగగా ఉండదూ?" అంది.

"ఎక్కడికి పంపించడం?"

చెల్లెలు చెప్పింది. అక్క ముఖం నల్లబడింది.

"నేనన్నానా అమ్మమని? ఆపరేషనయిన రోజు మత్తులో ఉన్నాను. వాడు పక్కన కూర్చుని ఏదేదో అడుగుతున్నాడు. 'సరేలే, ముందు నన్ను పడుకోనివ్వు' అన్నాను. అదా వాడికి నేను చెప్పింది?" మంచం అంచు పట్టుకుని లేవబోయింది. నర్సు వచ్చి పడుకోబెట్టింది. పడుకునే, "పాక ఎడమ మూల రేకు ఒకటి కారుతుంది, చూసుకో" అంది అక్క.

"సాయంత్రానికి అన్నీ బాగవుతాయి" అంది చెల్లెలు.

ఆసుపత్రి మెట్లు దిగేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా వెల్డింగ్ షాపుకు వెళ్ళింది. అన్న లేడు, ఏదో గేటు బిగించడానికి వెళ్ళాడు. భోజనం క్యారియర్ తెచ్చిన వదిన ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. చెల్లెలు పలకరించలేదు. గోడకున్న నిచ్చెన తెచ్చి కొత్త షెడ్డుకు వేసింది. పానా తీసుకుని ఎక్కి, బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

వదిన లేచి వచ్చి కాసేపు చూసింది. తర్వాత నిచ్చెన పట్టుకుని, "రెండో మెట్టు వదులుగా ఉంది, జాగ్రత్త" అంది.

నాలుగు రేకులు కిందికి దిగాక అన్న వచ్చాడు.

"ఏంటే ఇది? దిగు. ఎవరినడిగి విప్పుతున్నావు?"

"నువ్వు ఎవరినడిగి విప్పావు?"

"అక్కనడిగాను."

"మత్తులో ఉన్న మనిషి పడుకోనివ్వమంటే, అది అడగడమా?"

అన్న తడబడ్డాడు. "సరే, అవన్నీ తర్వాత. మిషన్ మీద వాన పడితే పాడైపోతుంది. కొత్తది."

"ఏం, దానికి బొచ్చు లేదా?"

రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. అన్న గొంతు తగ్గించాడు. "ఇంత రాద్ధాంతం ఎందుకే? ఇప్పుడేమైందని?"

"హాఫ్‌టికెట్ పొద్దున చచ్చిపోయింది. వానకి. నా చేతుల్లో."

అతను కిందికి దించిన రేకుల వంక చూశాడు. తర్వాత, "మేకపిల్లే కదే" అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న రేకును వదిలేసింది. అది అతని కాళ్ళ ముందు పడి వీధంతా మోగింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె మళ్ళీ పానా అందుకుంది. మిగతా రెండూ విప్పి దిగింది.

వదిన అప్పటికే ట్రాలీ ఆటోను ఆపింది. "ఆదివారం వచ్చే మనిషికి వద్దని నేను చెప్తాను. నంబరు నా దగ్గరుంది" అంది మొగుడితో. అని, తనూ ఆటో ఎక్కింది.

ఇద్దరూ కలిసి చీకటిపడే లోపల రేకులు బిగించారు. వదిన కింద నుంచి అందిస్తుంటే వకీలు ఆమె కొంగు లాగుతూ ప్రతి బోల్టుకూ ఒక అభ్యంతరం చెప్పింది. వదిన దాని చెవుల వెనక గోకుతూ అంది, "మా ఇంట్లోనూ ఇంతే. అడిగానంటాడు. ఎప్పుడడిగాడో నాకు గుర్తే ఉండదు. నాకే మతిమరుపేమో అనుకునేదాన్ని." చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత అక్క వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చింది. ఇంట్లోకి కాదు, ముందు పాకలోకి నడిచింది. మేకలు చుట్టూ మూగి ఆవిడ చేతులు, వాకరు, కట్టు అన్నీ నాకాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచి తడిమింది. తర్వాత చుట్టూ చూసింది.

"హాఫ్‌టికెట్ ఏది?"

చెల్లెలు చెప్పింది. రేకుల సంగతి, వాన సంగతి, పొయ్యి దగ్గర సంగతి. అన్నయ్య 'మేకపిల్లే కదే' అన్నదీ దాచలేదు. అక్క అంతా విన్నది.

"అది ఏ రోజు?"

"నేను ఆసుపత్రికి వచ్చిన రోజు పొద్దున."

"పాలు తాగుతోందా అని అడిగితే ఊఁ అన్నావు."

"నువ్వు మంచం మీద ఉన్నావక్కా. ఎలా చెప్పను?"

"వాడూ అదే అంటాడు. నేను మంచం మీద ఉన్నానని." అక్క గొంతు పెరగలేదు. "విరిగింది నా తుంటి. చెవులు కాదు. నాకేం చెప్పాలో, నా తరఫున ఏమనాలో మీరిద్దరే తేల్చేసుకున్నారు."

చెల్లెలికి కోపం పొంగుకొచ్చింది. వానలో తడిసింది తను, గొయ్యి తీసింది తను, వీధిలో పరువు తీసుకుని రేకులు తెచ్చింది తను. వాడితో తనను కలుపుతుందా? ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ ఆ "ఊఁ" మాత్రం తను అన్నదే.

"ఎక్కడ పెట్టావు?" అంది అక్క.

"గోడ పక్కన."

పెరడు ఎగుడుదిగుడుగా ఉంది, వాకరు సరిగా నిలవడం లేదు. చెల్లెలు చెయ్యి ఇవ్వబోతే విదిలించుకుంది. చలిగాలి ముఖాన కొడుతుంటే అడుగులో అడుగు వేసుకుంటూ అక్క నడిచింది. వెనక చెల్లెలు, ఆ వెనక టీచరమ్మ.

మట్టి ముందు ముగ్గురూ నిలబడ్డారు. ఇంట్లో ఫోన్ మోగడం మొదలైంది.

"అన్నయ్యే అయ్యుంటాడు" అంది చెల్లెలు.

"మోగనీ" అంది అక్క.