మణికట్టు కొలత

పోటీ రోజు పొద్దున్నే చొక్కాకి గుండీ పడకపోతే కొంపలేం మునగవు. కానీ టైలరమ్మకు మాత్రం మునిగినంత పనయింది. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్న మనిషి ఆమె. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎగాదిగా చూసి భుజం కొలత చెప్పేస్తుంది, అయినా టేపు పెట్టి చూడనిదే కత్తెర పట్టదు. అలాంటిది సొంత మేనల్లుడికి కుట్టిన తెల్లచొక్కా, కఫ్ దగ్గర గుండీకీ కాజాకీ మధ్య అంగుళం మేర నోరు తెరుచుకుని ఆమెను వెక్కిరిస్తోంది. ఒక చేతికైతే పొరపాటు అనుకోవచ్చు. రెండు చేతులకీ అంతే.

“ఊపిరి బిగబట్టరా,” అంది, గుండీని లాగుతూ.

“చేత్తో ఊపిరి ఎలా బిగబట్టాలత్తా?”

“నోరు ముయ్యి.”

ఆ చొక్కా బాక్సింగ్ క్లబ్బు వాళ్ల ఫొటో కోసం. మధ్యాహ్నం జట్టంతా తెల్లచొక్కాలతో వరసగా నిలబడాలి, ఆ తర్వాత పోటీలు. ఈ ఫొటోలో ఉన్నవాడు వచ్చే ఫొటోలో ఉంటాడో లేదో ఈ పోటీయే తేల్చాలి. వరసగా మూడు ఓడాడు. నాలుగోదీ ఓడితే జట్టులోంచి పేరు తీసేస్తామని క్లబ్బు పెద్ద మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇంకొకడి కొడుకైతే ఇంత రభస ఉండేది కాదు. వీడు పిడుగు కొడుకు. పిడుగంటే టైలరమ్మ అన్న. ముప్పై ఏడు పోటీల్లో ముప్పై నాలుగు గెలిచినవాడు. ఎడమ చేత్తో ఒక్కటిచ్చాడంటే అవతలివాడికి ఆ వారం ఏ వారమో గుర్తుండేది కాదని ఇప్పటికీ మంగలి షాపుల్లో చెప్పుకుంటారు. కొడుకు మొదటిసారి ఓడిన రోజు గ్యాలరీలోంచి ఎవడో నోటి దూల ఆపుకోలేక, “పిడుగు కడుపున చినుకు పుట్టిందిరోయ్!” అని అరిచాడు. అంతే, ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా వాణ్ణి చినుకు అనే పిలుస్తున్నారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఓడటం కూడా మూడుసార్లూ ఒకే తీరు. పోటీకి నాలుగు రౌండ్లు. మొదటి రెండు రౌండ్లూ అచ్చం తండ్రే దిగివచ్చాడా అన్నట్టు ఆడతాడు. మూడో రౌండులో ఎడమ చెయ్యి కిందికి జారుతుంది. నాలుగో రౌండుకి అది చొక్కాకి కుట్టడం మర్చిపోయిన జేబులా ఊరికే వేలాడుతుంది. దమ్ము లేదన్నారు. గుండె లేదన్నారు. పిడుగు ఏమీ అనలేదు. అదే అందరికంటే ఎక్కువ బాధపెట్టింది వాణ్ణి.

“ఇవాళ కూడా అంతే అయితే గ్లవ్స్ మేకుకి తగిలించేస్తానత్తా,” అన్నాడు మేనల్లుడు, చేతులు ఆమెకి అప్పగించి గోడకేసి చూస్తూ. “అమ్మతోపాటు బేకరీకి పోతాను. నాన్న పేరుని ఇంకా వీధిలో పడెయ్యలేను.”

ఆమె గుండీని ఇంకోసారి లాగింది. “ముందు గుండీ సంగతి చూడనీ,” అంది.

“అసలు కొలత తీసుకున్నావా అత్తా?”

“మా ఇంటి మగాళ్ల మణికట్టు నాకు తెలీదా? మీ నాన్న చొక్కాకి కత్తిరించుకున్న కొలత కాగితమే గుడ్డ మీద పెట్టి కోశాను.”

అనేసి, మెడలో టేపు తీసి వాడి మణికట్టు చుట్టూ పెట్టింది. అన్న మణికట్టు ఆరున్నర అంగుళాలు. వీడిది ఏడున్నర దాటింది. మళ్లీ పెట్టింది. టేపు అబద్ధమాడదు. అప్పుడు చూసింది ఆ చేతిని, పరాయివాళ్ల చెయ్యి చూసినట్టు. వెడల్పాటి అరచెయ్యి, మొద్దు మణికట్టు. ఇరవై ఏళ్లుగా బేకరీలో పిండి పిసుకుతున్న వదిన చెయ్యది. ఎడమ మణికట్టు మీద మాత్రం చుట్టూరా ఎర్రటి గీత ఉంది.

“ఇదేంట్రా?”

“కట్టు అచ్చు. నిన్న ప్రాక్టీసుకి కట్టావుగా. సాయంత్రానికి పోతుందిలే.”

“ఎప్పుడూ పడుతుందా?”

“ఎప్పుడూ పడుతుంది. మూడో రౌండుకి వేళ్లు మొద్దుబారతాయి కదా, అప్పుడు...”

“మొద్దుబారతాయా?”

“అందరికీ అంతే కదత్తా?” వాడు అమాయకంగా ఆమె వంక చూశాడు. “నాన్న చెప్పాడుగా, మొద్దుబారిందంటే కట్టు కుదిరినట్టేనని.”

టైలరమ్మ మిషను ముందు స్టూలు మీద కూలబడింది.

బాక్సర్లు గ్లవ్స్ తొడుక్కునే ముందు చేతులకి గుడ్డపట్టీ చుట్టుకుంటారు. ఎముకలు కదలకుండా అదే కాపాడుతుంది. అన్న మూడో పోటీనాడు ఎవరో ఆ పట్టీ వదులుగా చుడితే ఎడమ చేతిలో ఎముక పుటుక్కున విరిగింది. అది వంకరగా అతుక్కుంది. అప్పటికి ఆమె కాజాలు కుట్టడం నేర్చుకుంటున్న పిల్ల. “ఇక మా అన్న చేతికి ఇంకెవ్వరూ కట్టు కట్టకూడదు,” అని తేల్చి చెప్పి ఆ పని తనే పుచ్చుకుంది. ఎడమ మణికట్టుకి తొమ్మిది చుట్లు, పళ్లు బిగించి లాగి మరీ. ఎంత బిగిస్తే అన్నకి అంత హాయి. మొద్దుబారితే ఆ వంకర ఎముక నొప్పి తెలిసేది కాదు మరి.

అదే కట్టు, అవే తొమ్మిది చుట్లు, మూడేళ్లుగా వీడికీ కడుతోంది. కొలత తియ్యకుండానే. తెగేదాకా లాగొద్దని ఊరందరికీ బుద్ధులు చెప్పే మనిషి, ఇంట్లో పిల్లాడి చెయ్యి చచ్చుబడేదాకా లాగింది.

“మరి ఎందుకు చెప్పలేదురా నాకు?” అంది. అడుగుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏమని చెప్పను? నాన్న తట్టుకున్నాడు, నేను తట్టుకోలేకపోతున్నాను అని చెప్పనా?”

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని ఎర్రగీత మీద మెల్లిగా రాసింది. చొక్కా సంగతి ఇద్దరూ మర్చిపోయారు. మధ్యాహ్నం ఫొటోకి వాడు గుండీ పడని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

పోటీల హాలు వెనక గదిలో పొడుగాటి చెక్కబల్ల, ఒక కుళాయి, నొప్పుల నూనె వాసన. పిడుగు ఇంకా లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర పాత అభిమానులు పట్టుకుని కరచాలనాలు చేస్తున్నారు. వాళ్ల అభిమానానికి టైలరమ్మ మొదటిసారి దండం పెట్టుకుంది. బల్ల మీద మేనల్లుణ్ణి కూర్చోబెట్టి టేపు తీసింది.

“కట్టుకి కొలతేంటత్తా?” అని నవ్వాడు వాడు.

“మూడేళ్ల కింద తియ్యాల్సింది. కదలకు.”

అరచెయ్యి చుట్టూ కొలిచింది, కణుపుల మీదుగా కొలిచింది. ఎడమ మణికట్టుకి ఆరు చుట్లు చుట్టి ఆపింది. పట్టీ కింద తన చిటికెన వేలు దూరుతుందో లేదో చూసింది. వాడి బొటనవేలి గోరు నొక్కితే తెల్లబడి, వదలగానే గులాబీరంగుకి తిరిగింది. రక్తం ఆడుతోంది. కణుపుల మీద మాత్రం వేరే ముక్కతో ఎప్పటికంటే రెండు మడతలు ఎక్కువే వేసింది. మిగిలిన పట్టీని కత్తిరించి జేబులో పెట్టుకుంది. పోటీల అధికారి వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, పట్టీ చివర అంటించిన ప్లాస్టర్ మీద సంతకం గీకి వెళ్లాడు. ఆ సంతకం పడ్డాక కట్టు విప్పడానికి వీల్లేదు.

అప్పుడొచ్చాడు పిడుగు. భారీ మనిషి, ఎడమ చెయ్యి ఎప్పటిలాగే కోటు జేబులో ఉంది. కుడిచేత్తో కొడుకు మణికట్టు పట్టుకుని నొక్కి చూశాడు. మొహం మారిపోయింది.

“ఇదేం కట్టు చెల్లీ? వదులుగా ఉంది.”

“వదులు కాదన్నయ్యా. వాడి చేతికి సరిపోయేంత ఉంది.”

“విప్పు. మళ్లీ కట్టు.”

“సంతకం అయిపోయింది.”

“నువ్వేం చేశావో తెలుస్తోందా నీకు? ఎముక విరిగితే?”

“విరిగితే ఆ తప్పు నాది.”

“నీదైతే మాత్రం? వాడి చెయ్యి మళ్లీ వస్తుందా?” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. భయం అతని గొంతులో ఇంత పచ్చిగా ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆమె ఆ కట్టుని ఇంకోసారి వేలితో తడిమి చూసింది. పొద్దుణ్ణుంచీ కొండంత ఉన్న ధైర్యం గోరంత అయిపోయింది. నిజమే, తను పొరబడితే? బయట గంట కొట్టి పేర్లు పిలిచారు.

ఎదటివాడు పొడుగు చేతుల వెల్డరు. మొదటి రెండు రౌండ్లూ మేనల్లుడివే. టైలరమ్మ మాత్రం సంతోషపడలేదు. ఇల్లలకగానే పండగ కాదని ఈ మూడు పోటీల్లోనూ నేర్చుకుంది. రెండో రౌండు అయ్యాక వాడు మూలకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్లు తాగిస్తూ చెవి దగ్గర అడిగింది: “వేళ్లు?”

వాడు గ్లవ్ లోపల కదిపి చూసుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి.

“ఉన్నాయత్తా! అన్నీ ఉన్నాయి!”

మూడో రౌండు మొదలవగానే గ్యాలరీలో పాత గొంతు లేచింది. “ఇక వెలుస్తుందిరా చినుకు!” నలుగురు నవ్వారు. వెల్డరు కూడా అదే నమ్మకంతో ముందుకొచ్చాడు, ఎడమ చెయ్యి కిందికి జారుతుందని. అది జారలేదు. పైకి లేచింది. వెల్డరు దవడ మీద ఒకటి, పక్కటెముకల కింద ఇంకొకటి. గ్యాలరీలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. నాలుగో రౌండులో వెల్డరు కూడా ఊరుకోలేదు. ఒక గుద్దుకి మేనల్లుడు మోకాలి మీద కూలి, రెఫరీ ఆరు లెక్కపెట్టేసరికి లేచాడు. లేస్తూనే ఎడమ చేత్తో కొట్టాడు. వెల్డరు తల వంచాడు. ఆ దెబ్బ వాడి నుదుటి ఎముక మీద ఠంగుమని పడింది.

మేనల్లుడు ఒక్కడుగు వెనక్కి వేసి చెయ్యి విదిలించాడు.

టైలరమ్మ రింగు తాడు పట్టుకుని ముందుకి వంగింది. ఆమె భుజం మీద ఒక చెయ్యి పడి గట్టిగా పట్టుకుంది. అన్న చెయ్యి, అదీ ఎడమది. సరిగా ముడుచుకోని ఆ వంకర వేళ్లతోనే పట్టుకున్నాడు. ఇద్దరికీ ఆ క్షణంలో ముప్పై ఏళ్ల కిందటి ఆ పుటుక్కు వినబడింది.

రింగులో వాడు ఇంకోసారి చెయ్యి విదిలించాడు. మళ్లీ అదే చేత్తో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. గంట మోగేదాకా కొడుతూనే ఉన్నాడు.

తీర్పు చెప్పినప్పుడు హాలంతా లేచి అరిచిందట. గ్యాలరీలో ఆ నోటి దూల వాడే, “చినుకు కాదురోయ్, వడగళ్ల వాన!” అన్నాడట. ఈ అన్నాచెల్లెళ్లకి ఆ సంగతి తర్వాత ఎవరో చెప్తేనే తెలిసింది. కొడుకు చెయ్యిని రెఫరీ పైకెత్తితే, ఆ చెయ్యి ఎంత ఎత్తు లేచిందో చూశారు గానీ ఎందుకు ఎత్తాడో చూడలేదు.

వెనక గదిలో ఆమె కత్తెర పెట్టి కట్టు కోసింది. పిడుగు కొడుకు ముందు నేల మీదే కూర్చుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ఎముకా నొక్కుతూ వెళ్లాడు.

“ఇక్కడ?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు నాన్నా. కణుపుల మీద తోలు మండుతోంది, అంతే.”

“పిడికిలి బిగించు.”

వాడు బిగించాడు. అయిదు వేళ్లూ పూర్తిగా ముడుచుకున్నాయి. పిడుగు ఆ పిడికిలిని కాసేపు చూసి, ఎన్నాళ్లనుంచో పట్టుకుని ఉన్న ఊపిరిని ఒక్కసారిగా వదిలాడు. టైలరమ్మ బల్ల మీద కూర్చుంది. కూర్చుని హాయిగా ఏడ్చింది. ఏడుస్తూనే జేబులోంచి మిగిలిన పట్టీ తీసి కళ్లు తుడుచుకుంది. అన్న దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని జానతో కొలిచి చూశాడు. మూడు చుట్ల పొడవుంది.

“ఇంత ఎక్కువ చుట్టామా వీడికి?” అన్నాడు.

“ఇంతా ఎక్కువే అన్నయ్యా.”

అతను ఆ పట్టీని తన వంకర వేళ్ల చుట్టూ చుట్టుకున్నాడు. తర్వాత కొడుకు మొహంలోకి చూడలేక ఆ పట్టీకేసే చూస్తూ, “నా చేతికి తగిలిన దెబ్బకి వాడి చేతికి కట్టు కట్టాం చెల్లీ, మూడేళ్లు,” అన్నాడు. “దమ్ము లేదేమోనని నేను కూడా అనుకున్నానురా.”

“నేనూ అనుకున్నాను నాన్నా,” అన్నాడు కొడుకు. అని, నవ్వాడు. దాంతో ముగ్గురూ నవ్వారు. ఎందుకో తెలియకుండానే చాలాసేపు నవ్వారు. మధ్యలో బేకరీ నుంచి వదిన ఫోను చేసింది. ఎవరు గెలిచారని అడగలేదు ఆవిడ, చెయ్యి ఎలా ఉందని అడిగింది. పిడుగు, “నీ చెయ్యే, దానికేం, దుక్కలా ఉంది,” అన్నాడు.

ఫోను పెట్టేశాక అతను చెల్లెలి వైపు తిరిగాడు. “వచ్చే నెల జట్టు ఫొటో మళ్లీ ఉంటుంది. వీడికి ఇంకో చొక్కా కుట్టాలి.”

“ఆ పాత కాగితం చింపేస్తాను,” అంది టైలరమ్మ. ముక్కు చీదుకుని, మెడలో టేపు తీసి, చెమటతో తడిసి ఉన్న ఆ మణికట్టు చుట్టూ పెట్టింది.

“ఊపిరి బిగబట్టనా అత్తా?” అన్నాడు మేనల్లుడు.

“వద్దురా,” అంది ఆమె. “హాయిగా వదిలెయ్.”