గీసిపెట్టిన వేళ్ళు

ఆ మూడంతస్తుల మేడలో మెట్ల కింద ఒక ఇస్త్రీ బల్ల ఉండేది. దాని వెనక పదకొండేళ్ళుగా ఒక ముసలావిడ నిలబడి పనిచేసేది. మేడలో వాళ్ళకు ఆమె ఇస్త్రీ పెద్దమ్మ. పగలు బల్ల మీద బట్టలు, రాత్రి అదే బల్ల పక్కన చాప. ఎడమచేతికి ఎప్పుడూ ఒక పాత గుడ్డ చుట్టుకుని ఉండేది. ఇస్త్రీపెట్టె తగిలి కాలిందేమోనని అందరూ అనుకున్నారు. కాలిన గాయం పదకొండేళ్ళు మానకుండా ఉంటుందా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. మన బట్టలు ఇస్త్రీ చేసి మడత పెట్టేవాళ్ళను మనం ఎంత శ్రద్ధగా చూస్తామో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఒక ఆదివారం సాయంత్రం రెండో అంతస్తు పాప రంగు పెన్సిళ్ళ డబ్బా పట్టుకుని వచ్చి బల్ల పక్కన చతికిలబడింది. బడిలో పిల్లలందరికీ రంగులు వేసుకునే పుస్తకం పంచారు. అట్ట మీద మెరుపుచెయ్యి బొమ్మ. మెరుపుచెయ్యి ఎవరో తెలియని పిల్లలు ఆ ఊళ్ళో లేరు. యుద్ధకాలంలో శత్రువుల శిబిరంలో గూఢచారిగా పనిచేసిన ఒక ఆడమనిషి జీవితాన్ని ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో బొమ్మల కథగా వేశారు. ఆ కథలో ఆమె నల్ల దుస్తులు వేసుకుని ఇళ్ళ కప్పుల మీంచి దూకుతుంది. ఎడమచెయ్యి చాచిందంటే మెరుపులు కురుస్తాయి. యుద్ధం గెలిచి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఇప్పుడా కథలోంచి ఇరవైనాలుగు బొమ్మలు తీసి, కింద జీవితచరిత్ర నాలుగేసి వాక్యాలు రాసి, ప్రభుత్వ కమిటీ ఆమోదంతో అన్ని బడులకూ పంచారు.

"పెద్దమ్మా, బూట్లకి ఏ రంగు వెయ్యను?"

"నీ ఇష్టం తల్లీ. అసలావిడకి బూట్లెక్కడివి?"

"మెరుపుచెయ్యికి బూట్లు లేకపోవడమేంటి! నీకసలేం తెలీదు."

"అదీ నిజమేలే" అంటూ పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని పేజీ మీదికి వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది. బల్ల మీద ఎవరిదో చొక్కా కాలరు మాడిన వాసన వచ్చింది. ఆమె చేతిలో ఒక బట్ట మాడటం అదే మొదటిసారి.

"ఈవిడకి ఈ రెండు వేళ్ళూ ఎవరు పెట్టారే?"

"మా అమ్మే! ఈ బొమ్మలన్నీ మా అమ్మే గీసింది. పుస్తకంలో పేరు మాత్రం వెయ్యలేదు" అంది పాప గర్వంగా.

అప్పుడే పాప తల్లి మెట్లు దిగి వచ్చింది. ఆమె ఒక ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాలకు గీతలు గీస్తుంది, అందుకే మేడలో అందరూ గీతలావిడ అంటారు. భర్త లేడు, ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ పనిలో పెద్ద నియమం ఒకటుంది. గీత ఎక్కడా తెగకూడదు. గీత మధ్యలో సందు ఉంటే, ఏది బొమ్మో ఏది బయటో తెలియక పిల్లలు తికమకపడతారు. అందుకని పాత బొమ్మల్లోని నీడలన్నీ తీసేసి, అంచులు లావు చేసి, చెరిగిపోయిన చోటల్లా గీత కలుపుకుంటూ పోవాలి. ఈ పనిలో ఆమెకు మంచి పేరుంది.

"అదా పెద్దమ్మా! పాత కథలో ఆవిడ చేతికి ఎప్పుడూ తొడుగుంటుంది. చివరి పేజీలో ఒక్కసారే తీస్తుంది. నాకిచ్చిన నకలు మరీ వెలిసిపోయి ఉంది, అందులో రెండు వేళ్ళు పడలేదు. అచ్చుతప్పు అనుకుని నేనే కలిపేశా. మా సారుకి ఆ చెయ్యి తెగ నచ్చేసింది. తొడుగు తీసేసి అన్ని పేజీల్లో ఇదే పెట్టమన్నారు" అంది నవ్వుతూ.

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఎడమచేతికి చుట్టిన గుడ్డ నెమ్మదిగా విప్పింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ మొదలంటా లేవు.

"అచ్చుతప్పు కాదమ్మాయ్. కోసేశారు."

గీతలావిడ పాపను పైకి పంపేసి, మెట్టు మీద కూలబడింది.

"నువ్వా పెద్దమ్మా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మొదట్లో చెప్పొద్దన్నారు. తర్వాత చెప్తే నవ్వారు. నేనెప్పుడు దూకాను తల్లీ కప్పుల మీంచి? శిబిరంలో వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. భుజం పట్టీలు చూసి ఎంతమంది అధికారులు దిగారో లెక్కేసుకునేదాన్ని. మందపాటి కోట్లు తీయమన్నారంటే చలిప్రాంతానికి వెళ్తున్నారన్నమాట. అది వచ్చి మనవాళ్ళకి చెప్పేదాన్ని. అంతే నా మెరుపులు. పట్టుబడ్డాక ఎవరికి చెప్తున్నావని అడిగారు. చెప్పలేదు. అడిగింది రెండుసార్లు, అందుకని రెండు వేళ్ళు."

ఆమె గొంతులో గొప్పా లేదు, ఏడుపూ లేదు. ఆమెకప్పుడు కావలసింది వేరే ఉంది. మేడ యజమాని మెట్ల కింద బళ్ళు పెట్టుకునే చోటు కడతానని, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. యుద్ధంలో సేవ చేసినవాళ్ళకు ప్రభుత్వం నడిపే నివాసం ఒకటుంది. తలా ఒక గది, మంచం, వేళకు వైద్యుడు. అందులో గది కోసం ఆమె రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఇప్పుడొక గది ఖాళీ అయింది. ఎల్లుండి విచారణకు రమ్మన్నారు.

"నేనూ వస్తా. ఆ వేళ్ళ సంగతి నేనే చెప్తా" అంది గీతలావిడ.

విచారణ గదిలో అధికారి కుర్చీ వెనక గోడ మీద మెరుపుచెయ్యి నిలువెత్తు బొమ్మ ఉంది. దాని కింద కూర్చుని ఆయన పాత దస్త్రం తిప్పాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. పెద్దమ్మకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"చూడమ్మా, అప్పటి చిట్టాలన్నీ తగలబడిపోయాయి. మిగిలింది మీ పై అధికారి రాసిన ఒక్క వాక్యం. ఎడమచేతికి మూడు వేళ్ళే అని. అది చాలనే అనుకున్నాం. కానీ ఈలోపు కమిటీ ఆమోదించిన పుస్తకం వచ్చింది. ఇరవైనాలుగు పేజీల్లో అయిదు వేళ్ళున్నాయి. దాంతో ఆ వాక్యమే పొరపాటేమోనని కమిటీలో ఒకాయన అనుమానం రాశాడు."

పెద్దమ్మ గుడ్డ విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. "ఇదుంది కదా బాబూ?"

ఆయన ఇబ్బందిగా చూపు తిప్పుకున్నాడు. "వేళ్ళు యంత్రాల్లో పడి కూడా పోతాయమ్మా. కాగితం కావాలి."

నిజం చెప్పాలంటే నాకిక్కడ ఒళ్ళు మండుతుంది. తెగిన చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని చూడలేక, గీసిన చెయ్యిని సాక్ష్యంగా తీసుకున్నారు!

గీతలావిడ లేచి నిలబడింది. "ఆ వేళ్ళు నేను గీశానండీ. పొరపాటు నాది."

"అయితే అదే రాసివ్వండి. అనుమానం తీరిపోతుంది. నెలాఖరు దాకా ఆ గదిని ఆపుతాను. అప్పటికీ అర్హులు తేలకపోతే వేరే పనికి కేటాయించేస్తారు."

బయటికొచ్చాక పెద్దమ్మ మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. "గదికి కిటికీ ఉంటుందంటావా అమ్మాయ్? మెట్ల కింద పడుకుని పడుకుని, కిటికీ ఎలా ఉంటుందో మర్చిపోయాను" అంది.

ఆ మధ్యాహ్నమే గీతలావిడ వెళ్ళి ప్రచురణకర్తకు అంతా చెప్పింది. సంస్థ ముద్రతో ఉత్తరం ఇప్పించమంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాపం, వినడానికే బాధగా ఉంది. కానీ ఒకటాలోచించు. ఇప్పుడు తప్పని రాసిస్తే ప్రతి బడీ పుస్తకాలు తిరగ్గొడుతుంది. అయినా మూడు వేళ్ళ చెయ్యి చూస్తే పిల్లలు జడుసుకోరూ? వచ్చే ముద్రణలో చూద్దాంలే."

"ఆవిడకి నెలాఖరే గడువు సార్."

"మరి నీ సంగతో? ఇక్కడ పనిపోతే, తప్పు చేశానని రాసిచ్చిన మనిషికి ఇంకెవరిస్తారు?"

గీతలావిడకు ఇల్లు, పాప చదువు, అద్దె కళ్ళముందు తిరిగాయి. సాయంత్రం మెట్ల దగ్గర పెద్దమ్మ అడిగితే, "సారు ఊళ్ళో లేరు పెద్దమ్మా, రాగానే" అంది. వారం తర్వాత అడిగితే, "ఇంకా రాలేదు" అంది. ఆ తర్వాత పెద్దమ్మ అడగడం మానేసింది. గీతలావిడే ఆమె కంట పడకుండా వెనక మెట్ల మీంచి రాకపోకలు సాగించింది.

ఆమెను దుర్మార్గురాలు అనకండి. మనలో చాలామంది ఆమెలాంటివాళ్ళమే. మంచివాళ్ళం, జాలిగలవాళ్ళం, కాకపోతే ఒక్క వారం ఆగుదామనుకునేవాళ్ళం.

నెల మారింది. ఒకటో తారీకు పొద్దున్న గీతలావిడ కిందికి దిగేసరికి ఇస్త్రీ బల్ల లేదు. గోడ పక్కన ఒక మూట, దాని మీద కూర్చుని పెద్దమ్మ. ఆ దృశ్యం చూసి ఆమె మనసు ఆగలేదు. పైకి పరిగెత్తి తెల్లకాగితం తీసి, ముద్ర లేకుండానే తన తప్పు తన చేత్తో రాసి, సంతకం పెట్టి, పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

అధికారి ఆ నాలుగు వాక్యాలూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ముద్ర వెయ్యలేదండీ. మా సారు ఒప్పుకోలేదు" అంది గీతలావిడ.

"ముద్రెందుకమ్మా? నేనడిగింది మీ మాటే. ఇది నిన్న తెచ్చినా సరిపోయేది."

"అంటే?"

"గడువు నిన్నటితో అయిపోయింది. గది పొద్దున్నే ఇచ్చేశారు."

"ఎవరికి?"

ఆయన సమాధానం చెప్పకుండా లేచి, పక్కనే ఉన్న నివాసంలోకి తీసుకెళ్ళాడు. నడవా చివర గది తలుపు తీసి ఉంది. మంచం బయట గోడకు నిలబెట్టారు. లోపల ఇద్దరు పనివాళ్ళు గోడలకు పటాలు తగిలిస్తున్నారు. బడిపిల్లలు రంగులు వేసిన మెరుపుచెయ్యి బొమ్మలు. ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో అన్నీ అయిదేసి వేళ్ళు. గదికి పెద్ద కిటికీ ఉంది. బొమ్మలకు ఎండ తగిలితే రంగు వెలుస్తుందని దాన్ని చెక్కలతో మూసేస్తున్నారు.

"అర్హులు ఎవరూ లేరని ఆవిడ స్మారక మందిరంగా మార్చారు. మీరూ ఎల్లుండి ప్రారంభానికి రావాలి, బొమ్మలు మీవే కదా" అన్నాడు ఆయన. అన్నాక, పెద్దమ్మ మొహం చూసి తలదించుకున్నాడు. ఇంకో గది ఎప్పుడు ఖాళీ అవుతుందని గీతలావిడ అడిగింది. ఎవరైనా పోతే, అన్నాడు.

నడవాలో గీతలావిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని భోరుమంది. "సారు ఊళ్ళోనే ఉన్నారు పెద్దమ్మా. నేనబద్ధం చెప్పాను."

"తెలుసు. పక్క వీధి నుంచి ఆయన చొక్కాలు రోజు మార్చి రోజు నా దగ్గరికే వచ్చేవి."

"తెలిసీ ఒక్కమాట అడగలేదేం? నలుగురిలో నిలదీయాల్సింది నన్ను!"

"నీకు పసిపిల్ల ఉంది, పని పోతుందని భయపడ్డావు. అప్పుడు నా వెనకున్న వాళ్ళకీ పిల్లలుండేవాళ్ళు. అందుకే వాళ్ళ పేర్లు చెప్పలేదు. నోరు మూసుకోవడం నాకు అప్పట్నించీ అలవాటే."

ఒక మనిషి తన వేళ్ళు పోగొట్టుకుని వేరేవాళ్ళ పేర్లు కాపాడింది. ఆమె కోసం నాలుగు వాక్యాలు రాయడానికి తనకు పద్దెనిమిది రోజులు పట్టింది. గీతలావిడ సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"మా ఇంటికి రా పెద్దమ్మా. నాతోనే ఉండు."

"నీ మంచితనం నాకు తెలుసు. కానీ నేనడిగింది ఒకరి ఇంట్లో చోటు కాదమ్మాయ్, నాకు రావాల్సిన మంచం" అంది పెద్దమ్మ. ఊరి చివర దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో ఇస్త్రీ చేసేవాళ్ళు కావాలన్నారట, అక్కడికి పోతానంది.

మూట ఎత్తుకుని గది ముందు ఒక్క క్షణం ఆగింది. పనివాడు ఒక పటం వంకరగా ఉందని సరిచేస్తున్నాడు. అధికారి, పనివాళ్ళు, గీతలావిడ అందరూ ఆమెనే చూస్తున్నారు. అప్పుడు ఆమె గొంతు మొదటిసారి గట్టిగా పలికింది.

"బాగున్నాయి బాబూ బొమ్మలు. బొమ్మకి చలెయ్యదు, జబ్బు చెయ్యదు, ముసలితనం రాదు. గది కావాలని మీ చుట్టూ తిరగదు. అందుకే దాన్ని గౌరవించడం మీకంత తేలిక. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మనిషికి తగిలిన దెబ్బ చూడలేక బొమ్మలో చెరిపేసుకున్నవాళ్ళు, రేపు ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలబడినా గుర్తుపట్టలేరు."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మూడోనాడు ఆ గదిని చప్పట్ల మధ్య ప్రారంభించారు. ఆ వారంలోనే గీతలావిడ పని పోయింది. ఆశ్రమం పుస్తకంలో పెద్దమ్మ పేరుకెదురుగా వృత్తి అన్నచోట ఇస్త్రీ అని, చేసిన సేవ అన్నచోట ఏమీ లేదు అని రాశారు.

పిల్లల చేతికి వీరుల బొమ్మలు ఇచ్చే పెద్దలారా, ఆ బొమ్మ వెనకున్న మనిషి బతికుంటే ముందు ఆమెకొక గది ఇవ్వండి, రంగులు తర్వాత వేయించవచ్చు.